ఉల్టా తిప్పిన చక్రం

పాత కుట్టుమిషన్లు వెతికి బాగుచేయడం నా పిచ్చి. నిన్న కోరుట్లలో కొన్నదానికి నూనె వేస్తుంటే చక్రం బిగుసుకుంది. వదులవ్వాలంటే వెనక్కి తిప్పాలి. చక్రం మీద పెట్టిన చెయ్యి వెంటనే తీసేశాను.

మీ ఇళ్లలోనూ అనేవాళ్లు కదా? "ఉల్టా తిప్పకు బిడ్డా, దారం తెగుతది."

నా చిన్నప్పుడు బాపు దుబాయి పోయిన ఏడాది, ఉల్టా తిప్పితే ఆయన వాపసు వస్తాడనుకొని అమ్మ చూడకుండా ఆమె కుట్టుమిషన్ చక్రం తిప్పాను. ఆ సాయంత్రమే మా వాడకు దుబాయి నుంచి శవపెట్టె వచ్చింది. అందులో ఉన్నది పక్కింటి మల్లేశం మామ.

బాపు తర్వాత క్షేమంగానే వచ్చాడు. ఆ రోజు మాత్రం నేను మిషన్ దగ్గరికి ఉరికి, చక్రాన్ని ముందుకు, ఇంకా ముందుకు తిప్పుతూనే ఉన్నాను.

"ఏమైందే, గట్ల తిప్పుతున్నవ్?" అంది అమ్మ.

"బాపును రావద్దని చెప్పవే అమ్మా!"