పేర్లు లేని పోస్టుమార్టం

పాడేరు చుట్టుపక్కల కొండల మీద కువి మాట్లాడేవాళ్లకీ, కింది నుంచి వచ్చే తెలుగువాళ్లకీ మధ్య మాట మోసే పని వంతల సోంబరుది. యాభై మూడేళ్ల మనిషి. ఒకప్పుడు బడిలో భాషా వలంటీరుగా నాలుగేళ్లు చేశాడు, తర్వాత ఆ పోస్టులు ఎవరూ కొనసాగించలేదు. అయినా సర్వే వాళ్లొచ్చినా, పోలీసులొచ్చినా, దోమతెరలు పంచేవాళ్లొచ్చినా జీపు ముందు ఆయన గుమ్మం దగ్గరే ఆగేది.

ఆయన పనితనమంతా కోతలో ఉంది. కోతలు కొయ్యడం కాదు, మాట కొయ్యడం. కొండమీద మనిషిని ఒక ప్రశ్న అడిగితే, తాత కాలం నుంచి అందుకుని, మధ్యలో ఒక పెళ్లీ ఒక పందీ తగిలాక గానీ జవాబు దగ్గరికి రాడు. వినే ఆఫీసరుకి అంత ఓపిక ఎక్కడిది? సోంబరు అంతా విని, ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. ఆ విద్య ఆశ్రమ పాఠశాలలో అబ్బింది. కువిలో నోరెత్తితే బెత్తం, తెలుగులో నసిగితే బెత్తం, "ఒక్క ముక్కలో చెప్పరా వెధవా" అని మాస్టారి కేకలు. పిల్లాడు ఒక్క ముక్కలో చెప్పడం నేర్చుకుని బతికి బయటపడ్డాడు. తన్ని నేర్పిన చదువు మనిషిని ఎటు తీసుకుపోతుందో ఆ మాస్టారు ఎన్నడూ ఆలోచించి ఉండడు.

ఆ కోత మేలు చేసిన రోజులూ ఉన్నాయి. ఓసారి ఫారెస్టు గార్డు ఎగువ గరువులో ఒక ముసలాయన్ని పట్టుకుని, చెట్టు కొట్టిందెవరని నిలదీశాడు. ముసలాయన పాపం నిజాయితీగా, ఎవరు కొట్టారో, ఎవరి గొడ్డలితో కొట్టారో, దుంగ ఏ దారిన దించారో అరగంట వివరించాడు. సోంబరు గార్డు వైపు తిరిగి, "తెల్దంటన్నాడు బాబూ" అన్నాడు. ముగ్గురి మీద కేసు తప్పింది. అప్పట్నుంచి ఎగువ గరువు ఊరు ఊరంతా, సోంబరు ఏం చెప్పాలో ఏం మానాలో తెలిసినవాడని నమ్మింది. ఆయనా నమ్మాడు.

రమణి మాఘమాసంలో వచ్చింది. వైజాగ్ పిల్ల, ఏదో కాలేజీలో సాఫ్ట్‌వేర్ మీద పీహెచ్‌డీ చేస్తోంది. ప్రోగ్రాం రాయకముందే దాన్ని వాడబోయే మనిషికి ఏం కావాలో అడిగి తెలుసుకోవాలి, ఆ అడగడంలోనే సగం ప్రోగ్రాములు చెడిపోతున్నాయి, తన భాష రాని మనుషుల్ని ఎలా అడగాలి అన్నది ఆవిడ పరిశోధన. దానికోసం ఒక ఫోన్ యాప్ తలపెట్టారు. కొండమీద ఆడమనిషికి నొప్పులొస్తే ఆశా కార్యకర్త బటన్ నొక్కుతుంది, బైక్ అంబులెన్సు బయల్దేరుతుంది, ఊరివాళ్లు డోలీలో మనిషిని బండి దాకా మోసుకొస్తారు. బండి ఎక్కడ ఆగాలో ఊరికొక చోటు యాప్‌లో ముందుగా పెట్టాలి.

రమణి అడిగినవన్నీ అట్టముక్కల మీద రాసుకునేది. వాటిని యూజర్ స్టోరీలంటారట. పేరుకి కథలే గానీ, ఉండేది మూడు గీతలు. ఎవరికి, ఏం కావాలి, ఎందుకు. దానికి సోంబరుకంటే తగినవాడు దొరుకుతాడా? "మీలాంటి ఇంటర్‌ప్రెటర్ నాకెక్కడా దొరకలేదు సోంబరుగారూ" అని రమణి అన్నప్పుడు, ఆయన రెండు రోజులు అదే మాట నెమరేసుకున్నాడు.

ఎగువ గరువులో కనక ఇంటి అరుగు మీద కూర్చున్నారు. కనక అరవై దాటిన మనిషి. కోడలు సోనికి అప్పుడే నెల తప్పింది. బండి ఎక్కడికి రావాలని రమణి అడిగితే కనక, ఊరి కింద పారే రాళ్లగెడ్డ వాగు దగ్గరికొస్తే మేలే అని మొదలెట్టింది. అక్కణ్నుంచి తన దూడ ఒకటి శ్రావణమాసంలో గెడ్డలో కొట్టుకుపోయిన సంగతికి వెళ్లింది. అది ఎవరిచ్చిన దూడ, ఎవరు తాడు వదిలారు, దానిమీద ఎంత తగువైంది. ఫోనులో రికార్డు నడుస్తోంది, ఎండ నెత్తికెక్కింది, సోంబరుకి విసుగెత్తింది. "దూడ సంగతి మేడమ్, మనకి పనికొచ్చింది కాదు. గెడ్డ కాడికి బండొస్తే సాలంటంది" అన్నాడు. కనక ఇంకా చెబుతూనే ఉంది. రమణి అట్టముక్క నింపేసింది.

యాప్ జూన్‌లో వచ్చింది. జులైలో రెండు కాన్పులు బాగానే జరిగాయి, వేరే ఊళ్లలో.

ఆగస్టులో ఒక పొద్దున సోనికి నొప్పులు మొదలయ్యాయి, నెలలు నిండకుండానే. వారం రోజులుగా ముసురు. ఆశా కార్యకర్త బటన్ నొక్కింది. రాళ్లగెడ్డకి రమ్మని ఫోను చెప్పింది. కనక ఒప్పుకోలేదు, గెడ్డ పొంగి ఉంటుంది, అటు వద్దంది. కొడుకు కామేష్ వినలేదు. "రాయించింది సోంబరు మావే గదా. అన్నీ సూసుకునే పెట్టుంటాడు" అన్నాడు. డోలీ గెడ్డకేసి దిగింది.

అవతలి ఒడ్డున బండి ఉంది. ఎర్ర లైటు తిరుగుతూ కళ్లకి కనబడుతోంది. మధ్యలో గెడ్డ, మనిషి ఎత్తున. డ్రైవరు అక్కణ్నుంచి అరుస్తాడు, వీళ్లు ఇక్కణ్నుంచి అరుస్తారు, నీటి హోరులో ఎవరి మాటా ఎవరికీ అందదు. తగ్గుతుందేమోనని మూడు గంటలు చూశారు. డోలీ గుడ్డలోంచి రక్తం కారి రాళ్లమీద పడుతుంటే, అప్పుడు వెనక్కి తిరిగారు. మళ్లీ ఊరికెక్కి, కాఫీ తోటల్లోంచి కొత్తూరు వైపు దిగే దారిలో, సగం దూరంలో సోని పోయింది. బిడ్డ కడుపులోనే పోయింది. గెడ్డకి దిగకుండా మొదటే ఆ దారి పట్టుంటే ఆ మూడు గంటల్లో కొత్తూరు చేరేవాళ్లు, అక్కడ ఎప్పుడూ జీపులుంటాయి.

సోంబరు అంత్యక్రియలకి వెళ్లాడు, అందరితో పాటు ఏడ్చాడు, గెడ్డనీ వాననీ తిట్టాడు. మాఘమాసపు అరుగు సంగతి ఆయనకి గుర్తే లేదు.

నవంబరులో రమణి ఫోన్ చేసింది. గొంతు బాగులేదు. "సోంబరుగారూ, పోస్టుమార్టం చెయ్యాలి. మీరు రావాలి."

సోంబరుకి సోని గుర్తొచ్చింది. "పాతేసి మూణ్నెల్లు దాటింది మేడమ్. ఇప్పుడు తవ్వి ఏటి సూస్తారు?"

రమణి తడబడుతూ చెప్పింది. శవానికి కాదట. ప్రోగ్రాం విఫలమైతే, చేసినవాళ్లంతా కూర్చుని ఎక్కడ తప్పిందో మొదటినుంచీ తవ్వుకుంటారట, దాన్నీ పోస్టుమార్టమే అంటారట. అందులో ఎవరి పేరూ రాయరట. ఆ మాట వాళ్లకెలా పుట్టిందో గానీ, పిల్ల పోయిన ఊరికి అది పట్టుకుని వెళ్లాలంటే ఆవిడకే సిగ్గేసింది.

పాడేరు బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చున్నారు. రమణి ఎగువ గరువు రికార్డింగ్ పెట్టి, ఇయర్‌ఫోన్స్ ఇచ్చింది. ఈసారి ప్రతి ముక్కా తెలుగులో కావాలంది. సోంబరు విన్నాడు. దూడ వచ్చింది, తాడు వచ్చింది, తగువు వచ్చింది. తన గొంతే వినబడింది, సాలంటంది అని. దాని కిందే కనక గొంతు, ఆగకుండా.

"ఆ యేటినించి వానాకాలం మేం గెడ్డకేసి పోం తమ్ముడా. కాపీ తోటల్లోంచి ఎక్కి కొత్తూరు దిగుతాం. నొప్పులొచ్చినా జరమొచ్చినా అదే దారి. ఆ మూణ్నెల్లూ బండి కొత్తూరికే రావాలని రాయించు."

రమణి పెన్ను పట్టుకుని ఎదురు చూస్తోంది. ఆవిడకి కువి ఒక్క ముక్క రాదు. దూడ సంగతే మేడమ్ అంటే అక్కడితో అయిపోతుంది, ఆ హోటల్లో కాదనేవాడు లేడు. సోంబరు ఒక టీ తాగాడు. రెండో టీ చల్లారిపోయింది. తప్పించుకోవాలనే ఉంది ఆయనకి, చాలా గట్టిగా ఉంది. కానీ చెవిలో ఆ తమ్ముడా అన్న పిలుపు ఆగడం లేదు. ఇయర్‌ఫోన్స్ తీసి, విన్నదంతా చెప్పేశాడు.

రమణి కళ్లు తుడుచుకుని రాసుకుంది. అనువాద దశలో సమాచారం తగ్గింది, సరిచూసే ఏర్పాటు లేదు అని.

"నా పేరేదీ?" అన్నాడు సోంబరు.

"పేర్లు రాయకూడదు సోంబరుగారూ. పేర్లు రాస్తే భయపడి ఎవరూ నిజం చెప్పరు. ఆ రికార్డింగ్ ఇంకొకరికి వినిపించి సరిచూసుకోవాల్సింది నేను. తప్పు పద్ధతిది."

"పద్దతి కాదమ్మా అరుగు మీద కూసున్నది. నేను కూసున్నాను."

అయినా ఆవిడ ఆ పేరు రాయలేదు. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు, ఆ నియమం పెట్టినవాళ్లు బుద్ధిమంతులే. కానీ సోంబరు పుట్టిన చోట తప్పు చేసినవాడు నలుగురిలో నిలబడి, నేనే అని చెప్పుకోవాలి. అది చెప్పుకోకుండా ఆయనకి అన్నం దిగేలా లేదు.

మర్నాడు ఎగువ గరువు వెళ్లారు. కనక అరుగు మీద రాజ్మా కాయలు ఒలుస్తోంది, కామేష్ గోడకి చేరబడి కూర్చున్నాడు. "ఎవరిమీదా తప్పు వెయ్యడానికి రాలేదని చెప్పండి ముందు" అంది రమణి.

సోంబరు అది చెప్పలేదు. కనక వైపు తిరిగి కువిలో, "అప్పా, ఆ రోజు నువ్వు కొత్తూరు దారి సెప్పినావు. నేను ఈ అమ్మకి సెప్పలేదు. సోని నా వల్ల పోయింది" అన్నాడు.

కామేష్ తల ఎత్తి చూశాడు, లేవబోయి, మళ్లీ కూలబడ్డాడు. కనక చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"నాకు తెలుసు" అంది కనక. "నేనంత సెప్తే నువ్వింతే సెప్పినావు. తెలుగు రాకపోతే మాత్రం నాకు సెవుల్లేవా? ఇంత కథకి అంత సిన్న మాటేటి అనుకున్నాను. అడుగుదామనే నోటిదాకా వచ్చింది. సదువుకున్నోడు, గార్డు నోటినించి మనోళ్లని తప్పించినోడు, అక్కర్లేనిదే ఒగ్గేసుంటాడులే అని ఊరుకున్నాను. ఊరుకున్నాను తమ్ముడా, నేనూ ఊరుకున్నాను." చేతిలో కాయ పక్కన పెట్టి, "ఇంక మా మాట నువ్వు మొయ్యొద్దు. ఈ ఊరిదొక్కటీ మొయ్యొద్దు" అంది.

"ఏమంటున్నారు?" అంది రమణి.

సోంబరు చెప్పాడు. చెవుల సంగతి, గార్డు సంగతి, ఊరుకున్న సంగతి, ఇంక మొయ్యొద్దన్న సంగతి, ఒక్కటీ వదల్లేదు. కనక అన్నంతసేపూ పట్టింది. చెప్పడం అయ్యాక అరుగు దిగి, ఎవరి వైపూ చూడకుండా దారి పట్టాడు.

రమణి ఒళ్లో ఇంకా రెండు పేజీల ప్రశ్నలున్నాయి. ఆవిడ ఏదో అనబోయి, తెలుగులో క్షమించమ్మా అంది. కనక ఆవిడ మొహంలోకి చూసి, కువిలో ఏదో చాలాసేపు చెప్పింది.