మాందే కడగనివ్వని అద్దం

పాగ్ దీవిలో మాందే చేసే చీజ్‌ని మెచ్చుకోనివాళ్ళు లేరు, ఆమె కిటికీని తిట్టుకోనివాళ్ళూ లేరు. సముద్రం వైపున్న ఆ అద్దం చలికాలమంతా సున్నం కొట్టినట్టు ఉండేది.

అక్కడి బురా గాలి ఎదుటి కొండల మీంచి దూకి, దారిలో సముద్రాన్ని తుంపరలు చేసి దీవంతా చల్లుతుంది. ఆ ఉప్పు పట్టిన మొక్కలే గొర్రెలకు మేత. ఆ మేతను బట్టే పాల రుచి. మాందే పొద్దున్నే అద్దం మీద వేలు రాసి నాలుక్కి తగిలించుకునేది. చీజ్ ఊరబెట్టే నీళ్ళలో ఎంత ఉప్పు వెయ్యాలో ఆ వేలే చెప్పేది: అద్దం మీద ఎక్కువైతే నీళ్ళలో తక్కువ. నలభై ఏళ్ళలో ఒక్కసారీ రుచి తప్పలేదు.

కొత్త కోడలు రూజా సముద్రమెరగని మైదానాల పిల్ల. ఒక పొద్దున అత్తగారు సంతోషిస్తుందని ఆ అద్దాన్ని తళతళలాడేలా కడిగేసి, గొర్రెలను తోలుకురావడానికి గాలిలోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మాందే నడుం మీద చేతులు పెట్టుకుని కిటికీ ముందు నిలబడి ఉంది.

"ఏమే, నీ చేతులు పడిపోను! ఇప్పుడు నేను దేన్ని చూసి ఉప్పు కలపను?"

"మురికనుకున్నా అత్తయ్యా..."

"మురికా! ఆ మురికి తినే మీ ఆయన అంతవాడయ్యాడు!"

రూజా కళ్ళు నిండాయి. మాందే ఆ పిల్లను ఎగాదిగా చూసింది. గాలికి ఎర్రబడ్డ ఆమె బుగ్గ మీద వేలు రాసి, నాలుక్కి తగిలించుకుని కళ్ళు మూసుకుంది. మొహం విప్పారింది.

"బాగానే పట్టిందే! ఈ పూట రెండు గుప్పెళ్ళు తగ్గిద్దాం" అంది. "ఇక ఏడవకు, లెక్క తప్పుతుంది."