పిల్ల పోయినవాళ్ళ మీటింగు

దివిసీమలో నా మాట నమ్మేవాడు ఒక్కడూ లేడు. ఆ పేరు ఊరికే రాలేదు, పాతికేళ్ళు కష్టపడి సంపాదించుకున్నాను. రొయ్యల మేత అమ్మే ఉద్యోగం నాది. బందరులో బండి ఎక్కితే కోడూరు దాకా చెరువు చెరువుకీ ఆగుతాను. ఆగిన ప్రతిచోటా ఏదో ఒకటి చెప్పాలి కదా. ఒక రొయ్య మీసంతో నా బండి హ్యాండిల్ పట్టుకుని లిఫ్టు అడిగిందని చెప్పాను. దాన్ని అవనిగడ్డ బస్టాండులో దింపానని కూడా చెప్పాను. మా వాడు ఎనిమిదో తరగతి దాకా ఆ బస్టాండు వచ్చినప్పుడల్లా బస్సు కిటికీలోంచి దానికోసం వెతికేవాడు.

ఇన్ని చెప్పిన నోటితో ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. మా వాడి కంటే ముందు మాకొక ఆడపిల్ల. ఎనిమిదో నెలలో, గుడివాడలో ఒక ఆస్పత్రిలో, ఊపిరి లేకుండా పుట్టింది. మా ఇళ్ళలో అలాంటి బిడ్డని తల్లికి చూపించరు. తండ్రో మేనమామో గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి పూడ్చి వస్తారు. పదకొండో రోజు చేయరు, ఫొటో ఉండదు. ఎక్కడ పెట్టారో ఆడవాళ్ళు అడగరు, మగవాళ్ళు చెప్పరు. మా ఆవిడ ఒక్కసారి అడిగింది, "ఎలా ఉందండీ?" అని. చూడలేదన్నాను. నా అబద్ధాలన్నిటిలోకీ పొట్టిది అదే. పంతొమ్మిదేళ్ళు నిలబడింది.

రెండేళ్ళ కిందట మా ఆవిడ జాకెట్టు కుట్టించుకుందామని బందరులో ఒక ముస్లిం టైలరమ్మ దగ్గరికి వెళ్ళింది. కొలతలు తీసుకుంటూ ఆవిడ మాటల్లో మాటగా పిల్లలెంతమందని అడిగింది. మా ఆవిడ "ఒక..." అని ఆగిపోయిందట. టైలరమ్మ టేపు తీసి మెడలో వేసుకుని, "నాకూ అంతేనమ్మా. ఇంట్లో తిరిగేది ఇద్దరు, కన్నది నలుగుర్ని" అంది. ఆ జాకెట్టు పూర్తి కావడానికి నెల పట్టింది. టైలరమ్మ పనితనం మీద ఇంతకంటే పెద్ద అపనింద ఎవరూ వేసి ఉండరు. రోజూ కుట్టడం, రోజూ విప్పడం, మధ్యలో ఇద్దరూ మాట్లాడుకోవడం.

ఆ నెలయ్యాక, ఆదివారం సాయంత్రాలు మిషన్లు గోడకి జరిపి, చాపలు పరిచి, తమలాంటి వాళ్ళని పిలవడం మొదలుపెట్టారు. ఒకరి నోట ఒకరు విని ఆరుగురయ్యారు. భర్తలందరం వాళ్ళని దింపి, వీధిలో బండ్ల మీదే కూర్చుని ఫోన్లు చూసుకునేవాళ్ళం. ఒకరోజు టైలరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"తమ్ముడూ, లోపల ఫ్యాను కూడా ఉంది."

"వద్దక్కా, బండి దగ్గర ఎవరైనా ఉండాలిగా."

"ఆ బండిని ఎవరెత్తుకెళ్తారు తమ్ముడూ, తోసుకెళ్ళాలంటే ఇద్దరు కావాలి."

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ అన్నం కలుపుతూ కలుపుతూ ఆపేసింది. "లోపల ఆరుగురం. ఆరుగురికీ బిడ్డ ఎలా ఉందో తెలీదు, ఎక్కడుందో తెలీదు. తెలిసిన ఆరుగురూ బయట కూర్చుంటున్నారు. తెలీనివాళ్ళం తెలీనివాళ్ళకి ఏం చెప్పుకుంటామండీ? తండ్రులు వచ్చి కూర్చునే మీటింగు ఒక్కటి పెట్టించండి. అదీ కాకపోతే నేనింక వెళ్ళను. మా ఏడుపు మేం ఇళ్ళల్లోనే ఏడుస్తాం."

అని, కంచంలోకి చూస్తూ ఇంకోటి చేర్చింది. "బందరు వాళ్ళు ఆ గుమ్మం దాటరు, కోడూరులో మీరు పిలిస్తే వస్తారు. కానీ కథ చెప్పి పిలవకూడదు. ఉన్నది ఉన్నట్టు రాయండి."

రాశాను. నా జన్మలో అక్షరం పొల్లుపోకుండా నిజం రాసింది అదే. "పిల్ల పోయి బాధలో ఉన్నవాళ్ళు ఆదివారం పదింటికి కోడూరు గోడౌనుకి రండి. ఏం జరిగిందో ఒకరికొకరు చెప్పుకుందాం. దాచుకోవద్దు." మాది ఆడపిల్ల కాబట్టి నా చేతికి పిల్ల అనే వచ్చింది. వాట్సాప్‌లో నాకున్న గ్రూపులన్నిటిలోనూ పెట్టాను.

ఆదివారం మేం వెళ్ళేసరికి మా డీలరు మేత గోడౌనులో ఇరవై మంది పైనే ఉన్నారు, అందరూ మగవాళ్ళే. వెనక బస్సులో దిగిన టైలరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. మా ఆవిడకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను చెప్పులు విప్పేలోపే వెళ్ళి, ముందు వరసలో కూర్చున్న ఒక బక్కపల్చటి రైతు ఎదురుగా కూర్చుంది.

"పోయి ఎన్నాళ్ళయిందండీ?"

"పద్దెనిమిది రోజులమ్మా."

"అయ్యో, నిన్నమొన్నేగా. పుట్టాక ఎన్నాళ్ళుంది?"

"నెల కూడా లేదు తల్లీ. ఇరవై రెండో రోజుకే తేలిపోయాయి."

ఆ చివరి మాట మా ఆవిడ సరిగ్గా వినలేదు. "ఒక్కరేనాండీ, కవలలా?"

"లక్షా యాభై వేలమ్మా."

మా ఆవిడ మెల్లగా నా వైపు తిరిగింది. అప్పుడు చూశాను. ప్రతివాడి చేతిలోనూ చెరువు నీళ్ళ సీసా, అడుగున చచ్చిన రొయ్య పిల్ల. మా చెరువుల మీద పిల్ల అంటే రొయ్య పిల్లే. వదిలిన పిల్ల చచ్చిపోతే పిల్ల పోయిందంటారు. నేను రోజూ వందసార్లు వినే మాట. నా ఫోనులో ఉన్నవాళ్ళంతా రొయ్యల రైతులే. టైలరమ్మ ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఏం బావా, నీళ్ళు పరీక్ష చేసే ఆయన ఏడీ?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"లిఫ్టడిగిన రొయ్యే పరీక్ష చేస్తదిలే, కూర్చో" అన్నాడు ఇంకొకడు. గోడౌనంతా నవ్వు.

ల్యాబు వాళ్ళ కారు దారిలో పంక్చరైందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మా ఆవిడ ఇంకా నా వైపే చూస్తోంది. లేచి నిలబడ్డాను.

"రొయ్య పిల్ల కాదండీ. మా పిల్ల. పంతొమ్మిదేళ్ళ కిందట గుడివాడలో పుట్టింది, ఏడవలేదు. నర్సు తువ్వాల్లో చుట్టి నా చేతికిచ్చింది. ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఆటో అతను అద్దంలో చూసి, బాబా పాపా అన్నాడు. పాపన్నాను. ఇంటికేనా అన్నాడు. అవునన్నాను." ఒక అడుగు ముందుకి వేశాను. "నేను చూశాను. మా ఆవిడకి చూడలేదని చెప్పాను కానీ, తువ్వాలు తీసి చూశాను. జుట్టు ఒత్తుగా, నుదుటికి అంటుకుని ఉంది. ఎడమ చెవి పైన చిన్న మడత ఉంది, అచ్చం తల్లికున్నట్టే. రైలు గేటు దాటాక కాలవ గట్టు మీద, తూముకి పది అడుగులు ఇవతల పెట్టాను. ఇంతే. దీంట్లో నేను కలిపింది ఏమీ లేదు."

ఎవరూ నవ్వలేదు. బక్కపల్చటి రైతు లేచి, సీసా పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. అతని వెనకే ఇంకో తొమ్మిది మంది వెళ్ళారు. వాళ్ళ తప్పేం లేదు, చెరువులు చచ్చిపోతున్నాయి. ఇంక మిగతావాళ్ళూ లేస్తారనుకున్నాను. ఇంతలో బక్కాయన తిరిగొచ్చాడు, చేతిలో సీసా లేదు. మేత బస్తా మీద కూర్చున్నాడు.

"మాకు మగపిల్లాడండీ" అన్నాడు. "మూడు రోజులున్నాడు. మా నాన్నా నేనూ తీసుకెళ్ళాం. మా ఇంటిది ఎక్కడని ఇప్పటిదాకా అడగలేదు. అడుగుద్దేమోనని నేనే ఆ గట్టు మీదికి పోటం మానేశాను."

ఆ తర్వాత నేను ఎవరినీ పిలవాల్సిన పని పడలేదు. పన్నెండు మంది మిగిలారు. ఏడుగురు మాట్లాడారు. మిగతావాళ్ళలో ఒక ముసలాయన, "మాకు లేదు బాబూ, కానీ మా అమ్మకి ఇద్దరు పోయారంట. ఎక్కడ పెట్టారో ఆవిడ పోయేదాకా తెలుసుకోలేదు" అని మధ్యాహ్నం దాకా కదల్లేదు. టైలరమ్మ టీలు పోస్తూ అందరి నోటా వింది.

తిరుగు దారి పట్టాం. చల్లపల్లి సెంటర్లో బండి బందరు వైపు తిప్పబోతుంటే మా ఆవిడ నా భుజం మీద తట్టి, "గుడివాడ పోనివ్వండి" అంది. మొవ్వ దాటాం, పామర్రు దాటాం. రైలు గేటు దాటాక బండి ఆపాను. తూముకి సిమెంటు పూశారు, చోటు మాత్రం అదే. పది అడుగులు కొలిచి చూపించాను. మా ఆవిడ కూర్చుని, అరచెయ్యి నేల మీద ఆన్చి చాలాసేపు ఉంది. ఇంకో చెయ్యి తన ఎడమ చెవి మీద ఉంది.

అప్పుడే నా ఫోను మోగింది. బక్కాయన.

"బావా, మా ఇంటిదానికి చెప్పాను. గట్టు మీదికి తీసుకొచ్చాను. ఎంతకీ లెగట్లేదు. ఏం చెయ్యమంటావు?"

ఆ మాటే మా ఆవిడకి చెప్పి ఫోను చేతికిచ్చాను.

"ఏమీ చెయ్యకండి. మీరూ పక్కన కూర్చోండి" అంది. ఫోను తిరిగి ఇస్తూ, "ఈ ఊళ్ళో కూడా మీటింగు పెడదాం" అంది.

మరుసటి నెల గుడివాడలో ఒక స్కూలు వరండా అడిగి పెట్టాం. భార్యాభర్తలు జంటగా వచ్చారు, కోడూరు నుంచి బక్కాయన, వాళ్ళావిడ కూడా వచ్చారు. ఎంతమందని నన్ను అడిగితే మూడొందలంటాను, మీరెలాగూ నమ్మరు. వరండా నిండిపోయి మెట్ల మీద మగవాళ్ళు నిలబడ్డ మాట మాత్రం నిజం. మా ఆవిడ లేచి ఆడవాళ్ళ వైపు తిరిగి, "కొంచెం సర్దుకోండమ్మా, నాన్నల్ని కూర్చోనివ్వండి" అంది.