జేబులో దొరికిన ఇత్తడి బిళ్ళ

"నిజం చెప్పు మే. ఆ బిళ్ళ నువ్వు చూసినావా, లేదా?"

"ఎన్నిసార్లు అడగతావయ్యా? నేను చూళ్ళేదు."

మా ఆయనా నేనూ చివరిగా అనుకున్న మాటలివే. ఆ మాట అడిగి, వల భుజాన వేసుకుని మైపాడు ఒడ్డుకు వెళ్ళాడు. వల లాగుతూ లాగుతూ ఇసుకలో కూలిపోయాడు. గుండె ఆగిందన్నారు. నేను చెప్పింది అబద్ధం. అప్పటికే అది అయిదేళ్ళ నాటి అబద్ధం. ఆయన పోయాక ఇంకో నాలుగేళ్ళు మోశాను. ఇక మోయలేను.

నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. రాయడం రాదు. నేను చెబుతుంటే నా తమ్ముడి కూతురు పద్మ రాస్తోంది. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులు. మా ఆయన మద్రాసులో విమానాలు బాగుచేసే షెడ్డులో హెల్పరు. నెలకోసారి రెండు రోజులు ఇంటికి వచ్చేవాడు. మెకానిక్కు అవ్వాలంటే విమానంలో ప్రతి భాగం పేరూ ఇంగ్లీషులో తప్పు లేకుండా చెప్పాలట. రడ్డరు, ఎలివేటరు, ఎయిలరాను, కౌలింగు, స్ప్లిట్ పిన్ను. అన్నం తింటూ గొణిగేవాడు. నీళ్ళు పోసుకుంటూ గొణిగేవాడు. నన్ను పడవ దగ్గర నిలబెట్టి వివరంగా చెప్పేవాడు. తోకలో ఉండే రడ్డరు మన చుక్కాని లాంటిది. ఇంజను మీద మూత కౌలింగు. నట్టు ఊడిపోకుండా గుచ్చి వంచేది స్ప్లిట్ పిన్ను. ఆయన అన్న, మా బావ, నవ్వేవాడు. "చూస్తా ఉండు మే, మావోడు రేపు మన పడవకి గూడా రెక్కలు కుట్టిస్తాడు."

ఈ పేర్లన్నీ ఎవరు నేర్పుతున్నారని ఒకసారి అడిగాను. ఆఫీసులో టైపు కొట్టే ఆమె అన్నాడు. దాచకుండా చెప్పాడు. అదే నాకు గుచ్చుకుంది. ఇంత తేలిగ్గా చెప్పాడంటే వెనక ఇంకేదో దాస్తున్నాడనుకున్నాను. అప్పటి నుంచి ఆయన గొణిగేవన్నీ నేనూ బట్టీ పట్టాను. నేర్చుకోవాలని కాదు. వాటి మధ్య ఎక్కడైనా ఆడమనిషి పేరు దొర్లితే పట్టుకోవాలని. ఎప్పుడూ దొర్లలేదు. జాగ్రత్తపడుతున్నాడనుకున్నాను.

ఒక సెలవులో ఆయన ఖాకీ చొక్కా ఉతకబోతే జేబులో ఇత్తడి బిళ్ళ దొరికింది. గుండ్రంగా, నున్నగా, తాడు దూర్చే చిల్లుతో. మా వైపు తాళిబొట్టు అచ్చం అలాగే ఉంటుంది. మీద ఏవో గీతలున్నాయి, ఇంగ్లీషు అంకెలని నాకేం తెలుసు? బంగారం కాదన్నది తెలుసు. బంగారంలో చేయించబోయే ముందు పోయించిన నమూనా ఏమో అనుకున్నాను. ఎవరి మెడకు? ఎండుచేపల కుండలో అడుగున దాచాను. ఆయన మద్రాసు వెళ్ళిపోయాడు.

నాలుగో రోజున మళ్ళీ వచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు. షెడ్డులో ఒక రెంచి కనబడటం లేదట. అక్కడ ప్రతి మనిషికీ తన నంబరు కొట్టిన పది బిళ్ళలు ఇస్తారు. పనిముట్టు తీసుకుంటే దాని మేకుకు ఒక బిళ్ళ తగిలించాలి, తిరిగి పెట్టాక బిళ్ళ తీసుకోవాలి. పదీ చూపించినవాడి మీద నింద లేదు. ఈయన దగ్గర తొమ్మిదే ఉన్నాయి. పదోది మేకు నుంచి జారిపోయింది, రెంచి నువ్వే తీసి విమానం కడుపులో మరిచావు అన్నారు. రైలు తొందరలో జేబులో వేసుకుని ఇంటికి తీసుకుపోయానని చెప్పి, గడువు అడుక్కుని వచ్చాడు.

ఇదంతా నాకు చెప్పాడు. నేను విన్నాను. నమ్మలేదు. ఇత్తడి ముక్క కోసం మనిషి మద్రాసు నుంచి పరిగెత్తుకొస్తాడా, భలే కథ అల్లాడు అనుకున్నాను. పెట్టె బోర్లించాడు. బట్టల మూటలు విప్పి దులిపాడు. నేను కుండ పక్కనే కూర్చుని, చూడలేదన్నాను. ఆయన నా ముఖం కేసి చాలాసేపు చూశాడు. అప్పుడే ఆయనకూ నా మీద అనుమానం పుట్టింది.

ఉద్యోగం పోయింది.

రెండు నెలల తర్వాత ఆ బిళ్ళను నెల్లూరు తీసుకుపోయి ఒక కంసాలికి చూపించాను. అటూ ఇటూ తిప్పి నవ్వాడు. బొట్టు కాదు తల్లీ, నంబరు బిళ్ళ అన్నాడు. అప్పుడైనా ఇవ్వొచ్చు గదా? ఆయన దాన్ని పట్టుకుపోయి చూపించుకునేవాడు గదా? ఇస్తే, ఇన్నాళ్ళూ ఎక్కడుంది అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డాను. ఇంటికొచ్చే దారిలో కాలువ వంతెన మీద నుంచి విసిరేశాను. నా మొదటి తప్పుకు అనుమానం అని పేరు పెట్టుకోవచ్చు. దీనికేం పేరు పెట్టుకోను?

ఆయన అన్నతో కలిసి చేపల వేటకు పోయాడు. రడ్డరు అన్న మాట ఇంక ఆయన నోట వినలేదు. ఒడ్డున ఎవరైనా రెంచి దొంగ అని ఎగతాళి చేస్తే తలొంచుకుని వల సర్దుకునేవాడు. ఉండుండి నన్ను మాత్రం బిళ్ళ సంగతి అడిగేవాడు. తెలిసే అడిగాడా? నా అంతట నేను చెప్పాలని అన్నేళ్ళు కాచుకున్నాడా?

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ టైపు ఆమె సంగతి నాకు ఇప్పటికీ పూర్తిగా నమ్మకం కుదరదు. పోయినవాడి మీద కూడా అనుమానం చావని మనిషిని. అదీ రాయమన్నాను.

క్షమించడానికి ఆయన లేడు. మీ క్షమ మీ దగ్గరే ఉండనివ్వండి. బిళ్ళ నేనే దాచాను, నేనే పారేశాను. ఈ మాట బయటికి అన్నాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతే.

ఏం పద్మా, ముక్కు ఎగబీలుస్తా ఏం రాసినావో ఏమో. అత్త గదా అని ఎక్కడన్నా మెత్తగా రాసినావని నా అనుమానం. ఏదీ, మొదటి నుంచి చదువు. ఒక్క మాట వదలబాక.