చెరువు పైన పచ్చరంగు

ఈ రోజు పొద్దున మా ఊరి మంచినీళ్ల చెరువు గట్టు మీద ఒక కుర్ర ఉద్యోగి ట్యాబ్ పట్టుకుని కనిపించాడు. వాన నీళ్లు చెరువులోకి దిగే పై భూముల్లో ఏముందో, దానివల్ల తాగే నీటికి ముప్పుందో లేదో రాసుకుపోవడం అతని పని. నడకకు వెళ్లిన నాకు ఉపగ్రహం తీసిన బొమ్మ చూపించాడు.

"చూడండి మామ్మగారూ, చెరువు పైనంతా పచ్చదనమే. మీ నీళ్లకు ఢోకా లేదు."

"అది మిరప తోట నాయనా. వారం తిరక్కుండా మందు కొడతారు. వానొస్తే ఆ మందంతా ఎక్కడికి పోద్దనుకున్నావు? మా బిందెల్లోకే."

"ఇందులో మిరపకు గడి లేదండీ. అడవి, ఇళ్లు, ఫ్యాక్టరీ, పచ్చదనం, అంతే."

ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పిన నోరు ఊరుకుంటుందా? ఉపగ్రహానికి కళ్లే గానీ ముక్కు లేదని చెప్పి, మందుల సంగతి రిమార్కుల్లో రాయించాను. బుద్ధిమంతుడు, రాసి తలెత్తాడు.

"రైతు పేరు కూడా వేయాలండీ. ఆ తోట ఎవరిది?"

కౌలుకిచ్చిన మాట నిజమే గానీ, పట్టా నా పేరు మీదే ఉంది. "నాదే, రాసుకో" అన్నాను.

సాయంత్రం కౌలు రైతు కోటయ్యను పిలిచి, చెరువు వైపు పొలం చెక్కలో వచ్చే పంటకు మిరప మానేసి జొన్న వేయమన్నాను.

"ఏంది మామ్మా, ఆ నీళ్లు నేనూ తాగుతన్నా గదా, నేనేమన్నా అన్నానా?" అన్నాడు.

మీ ఊరి చెరువు పైన పొలం ఎవరిదో కామెంట్లలో చెప్పండి. చెప్పేముందు ఒకసారి మీ పాసు పుస్తకం తెరిచి చూసుకోండి.