చప్పుడుకి లాగకూడదు

మీరు ఆయన చేతి అన్నం తినలేక, ఆ చేతికి టార్చిలైటు ఇచ్చి కార్ల మధ్య నిలబెట్టారు. "మేమెప్పుడు చేశాం ఆ పని?" అనుకుంటూ పేజీ తిప్పబోతున్నారే, మీతోనే మాట్లాడుతున్నాను. తిప్పకండి.

బాబాయి పోయారు. పోయిన మంగళవారం తెల్లవారుజామున పిన్ని ఫోన్ చేసి, "మీ బాబాయి ఇంక లేరమ్మా" అంది. ఏళ్ళ తరబడి ఆయన బాయిలర్ నడిపిన ఆసుపత్రిలోనే, పై అంతస్తులో, నిద్రలోనే గుండె ఆగిపోయింది. బయట ఫిబ్రవరి చలి. గది వెచ్చగానే ఉందట. కింద బాయిలర్ దగ్గర ఆ రాత్రి డ్యూటీ ఎవరిదో అని ఆలోచిస్తూ పడుకుని ఉంటారు. ఆయన సంగతి నాకు తెలుసు.

రక్తసంబంధం ఏమీ లేదు. ఈ ఊరికి వచ్చిన కొత్తలో, పలకరించిన మొదటి తెలుగు మనిషిని బాబాయి అన్నాను, అంతే. సిక్కోలు తీరంలో సముద్రం మీద వేటకి వెళ్ళే కుటుంబం ఆయనది. ఓడల్లో ఇంజన్ గదుల్లో పనిచేసి, చివరికి అమెరికాలో, ఈ జార్జియాలో తేలారు. మన తెలుగు సంఘంలో డాక్టర్లున్నారు, ప్రొఫెసర్లున్నారు. బాయిలర్ ఆపరేటర్ ఆయనొక్కరే.

ఆయన చేపల వేట సంగతి నాకు తెలిసింది నా తెలివితక్కువతనం వల్ల. డెబ్బైల చివర్లో ఒక వేసవి రాత్రి, పదకొండు దాటాక, ఏదో పనిమీద ఫోన్ చేశాను. పిన్ని నిద్రమత్తులో, "బాస్ కోసం వెళ్ళారమ్మా. రెండవుతుంది రావడానికి" అంది. నా ఒళ్ళు మండిపోయింది. ఎనిమిది గంటలు బాయిలర్ ముందు ఉడికిన మనిషి అర్ధరాత్రి మళ్ళీ బాస్ దగ్గర చేతులు కట్టుకు నిలబడాలా? పొద్దున్నే వాళ్ళింటికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి, కాఫీ కూడా ముట్టకుండా, శ్రమ గురించీ ఆత్మగౌరవం గురించీ పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. యూనియన్‌కి ఉత్తరం రాయడానికి కాగితం, పెన్ను కూడా తీసుకెళ్ళాను.

బాబాయి అంతా శ్రద్ధగా విన్నారు. తర్వాత ఫ్రిజ్ తలుపు తీసి, కింది అరలో ఉన్న పళ్ళెం చూపించారు. అందులో నోరు తెరుచుకుని పెద్ద చేప.

"ఈడేనమ్మా మా బాస్. నువ్వొచ్చీసరికి కొంచెం సల్లబడ్డాడు."

పిన్ని నవ్వి నవ్వి స్టవ్ పట్టుకుంది. ఇక్కడి చెరువుల్లో ఉండే ఆ చేప పేరే బాస్ అని నాకప్పుడు తెలిసింది. ఆ వారమే నన్నూ తీసుకెళ్ళారు.

ఎండాకాలం ఆ చేపలు పగలంతా లోతున దాక్కుని, చీకటి పడ్డాక ఒడ్డుకి మేతకి వస్తాయి. ఆయన షిఫ్టు దిగేదీ అప్పుడే. నేను వెళ్ళిన రాత్రుల్లో పిన్ని కూడా వచ్చి, ఫ్లాస్కు పట్టుకుని కారులో కూర్చునేది. బాబాయి బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని, చేపలు బెదరకుండా టార్చికి ఎర్ర కాగితం చుట్టి ఎర కట్టుకునేవారు. ఆ ఎర ఆయన చేసుకున్నదే. చీపురుకర్ర ముక్క చెక్కి, విరిగిన గరిటె గుంటని ముందు బిగించి, నల్లరంగు పూశారు. అది మునగదు. నీటి మీద తేలుతూ, లాగినప్పుడల్లా గుబుక్, గుబుక్ అంటుంది.

"చీకట్లో నల్లది ఎలా కనిపిస్తుంది బాబాయ్?" అన్నాను.

"చేప కిందనుంచి పైకి చూస్తదమ్మా. ఆకాశం మీద నల్లోడే బాగా కనిపిస్తాడు. మనల్ని ఈ ఊరోళ్ళు చూడట్లేదూ, అలాగ."

కాసేపటికి చీకట్లో ఎవరో బండరాయి విసిరినట్టు ధబ్బున చప్పుడు. గాలం కర్ర అప్పుడు నా చేతిలో ఉంది. కర్రని బలంకొద్దీ వెనక్కి లాగాను. ఎర గాల్లోకి లేచి నా నెత్తి మీదుగా వెళ్ళి పొదల్లో పడింది.

"చప్పుడికి లాగకూడదమ్మా" అన్నారు. "అది కొట్టిందో, నోట పట్టిందో చెవికి తెలీదు. చెయ్యికి తెలస్తది. బరువు తెలిసినాక లాగు."

ఎన్ని వేసవులు చెప్పారో. ఎన్ని చేపలు పోగొట్టానో. ఆయనకి మాత్రం పడేది. పడగానే "మనోడే!" అని మెల్లగా అనేవారు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు తెలుసు. ఏ పార్టీలోనైనా కొత్తవాడు కనిపిస్తే, పేరు తర్వాత రెండో ప్రశ్నగా "మనవాళ్ళేనా?" అని అడిగేది మీరే. ఆయన్నీ అడిగారు. "కాదండి, మావోళ్ళు వేటకెళ్తారు" అని ఆయన దాచకుండా చెప్పారు. చిన్నదని వదిలేసే చేపని పట్టుకునే ముందు బాబాయి తన చేతులు తడుపుకునేవారు. పొడిచేత్తో ముట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పోయి జబ్బు చేస్తుందట. ఎవరిని ముట్టుకుంటే ఎవరికి మైల అన్న లెక్క మీకుంది కదా. ఆయనకున్నది ఈ జాగ్రత్త.

ఇక ఆ మీటింగు. రెండేళ్ళు వరసగా ఉగాదికి మూడువందల మందికి ఆయనే వండారు. ఆవిరితో పనిచేసిన మనిషికి పెద్ద గిన్నెలు లెక్కకాదు. ఆయన పులిహోర పొట్లాలు కట్టి ఇళ్ళకి తీసుకెళ్ళారు మీరు. మూడో ఏడు, ఎనభైల మొదట్లో, ప్రెసిడెంటుగారి బేస్‌మెంట్‌లో కమిటీ కూర్చుంది. నేనున్నాను. చివరి కుర్చీలో బాబాయి.

"ఈసారి వంట ఇంకెవరికైనా ఇద్దామండీ" అన్నారు సెక్రటరీగారు. "కొందరు పెద్దవాళ్ళు ఫీలవుతున్నారు. అదే... ఆయన..."

చెప్పబోతున్నాడు. నోరు తెరిచాడు. నేను ఆగానా?

"కులమేగా!" అని లేచాను. పది నిమిషాలు అరిచాను. మంచి మంచి వాక్యాలు వచ్చాయి, ఇప్పటికీ గుర్తున్నాయి. అంతా అయ్యాక సెక్రటరీగారు కళ్ళజోడు తుడుచుకుని, "కులం మాట ఎవరెత్తారమ్మా? మీరే ఎత్తారు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు కదా అని మేమంటుంటే!" అన్నాడు. అందరూ నవ్వారు. "ఈవిడకి ఎప్పుడూ ఇదే గొడవ" అని ఎవరో అన్నారు. నేను తలుపు విసిరికొట్టి బయటికి వచ్చేశాను. ఆయన్ని ఆ కుర్చీలోనే వదిలేసి వచ్చాను.

వంట ఆయనకి ఇవ్వలేదు. పార్కింగ్ చూసుకోమన్నారు. మోకాళ్ళ నొప్పుల మనిషిని నాలుగు గంటలు తారు మీద నిలబెట్టారు. అప్పటినుంచి ప్రతి ఉగాదికీ అదే. మీరు కారు అద్దం కూడా దించకుండా, ఆయన టార్చి ఎటు చూపిస్తే అటు తిప్పుకున్నారు.

ఆ మీటింగైన వేసవిలో, చెరువు దగ్గర ఎర విసిరి లాగుతున్నారాయన. గుబుక్, గుబుక్. తర్వాత అన్నారు: "ఆడు ఎర నోట్లో ఎట్టుకున్నాడమ్మా. ఇంకొక్క నిమిషం ఆగుంటే ఆడి నోటితో ఆడే చెప్పీసేవోడు. నువ్వు చప్పుడికే లాగీసావు."

"మీకు కోపం రాదా బాబాయ్?"

"ఎందుకు రాదు? వస్తది. చేతిలోకి రానివ్వను. చెయ్యి వణికితే ఎర వణుకుద్ది." ఎర మళ్ళీ విసిరి, "నాకోసం లేచినావు గదా. అది నేను మర్చిపోనులే" అన్నారు.

కారులోంచి పిన్ని, "ఏమిటండీ, పడ్డాడా?" అని కేకేసింది.

"మీయమ్మాయి తోలేసిందే!" అన్నారాయన.

నేను రాసేవన్నీ మీరు చదువుతారు, చదివి తిడుతూ ఉత్తరాలు రాస్తారు. ప్రతిదానికీ ఎగిరిపడుతుందంటారు. నిజమే, నేను చప్పుడుకి లాగే రకాన్నే. ఆ ఒక్క నిమిషం ఓపిక నాకుండి ఉంటే ఆయన ఇన్ని ఉగాదులు చలిలో నిలబడేవారు కాదు. ఆ తప్పులో నా వాటా నాది. మీ వాటా మాత్రం మోయను.

ఇప్పుడు మీ సంతాప సభ కార్డు వచ్చింది. "ప్రకృతి ప్రేమికుడు, నిస్వార్థ సేవకుడు" అని అచ్చు వేయించారు. పిన్ని రెండుసార్లు చదివి, "ఇది మీ బాబాయి గురించేనా?" అంది. ఆ సభకి నేను వస్తున్నాను. అరవను. కానీ ఇవి జరగాలి.

ఒకటి. ఆ కార్డు మళ్ళీ వేయించండి. బాయిలర్ నడిపారు, చేపలు పట్టారు, మూడువందల మందికి వండారు అని రాయండి.

రెండు. ఆ రోజు వంట పిన్ని చేస్తుంది. మీరు తింటారు.

మూడు. "మనవాళ్ళేనా?" అని ఇంకెవర్నీ అడక్కండి.

నాలుగు. ఆయన్ని వంట నుంచి ఎందుకు తీసేశారో అప్పటి సెక్రటరీగారు మైకులో చెప్పాలి. నేను ముందు వరసలో కూర్చుని ఉంటాను. ఎంతసేపైనా ఆగుతాను.

అయిదు. సెక్రటరీగారు చెప్పేదాకా పార్కింగ్ లాట్‌లో పెద్ద దీపాలు ఆర్పేయండి. బాబాయి టార్చి తెచ్చి, ఆయన నిలబడే చోట, ఆ రంగు డబ్బా మీద పెడతాను. ఎర్ర కాగితం తీయకండి.