ఒళ్ళో అనపగింజల గిన్నె

యలహంకలో నేను అద్దెకున్న మేడగదికి ఓనరమ్మ కిందే ఉండేది. ఆవిడకి ఒక చెడ్డ అలవాటు. చలికాలం చిక్కుడు జాతి అనపకాయలు వచ్చాయంటే చాలు, కథ తోచక వరండాలో లాప్‌టాప్ ముందు కూర్చున్న నా ఒళ్ళో నానబెట్టిన గింజల గిన్నె పెట్టేసేది.

"ఊరికే కూర్చుంటే కత వస్తాదా? పప్పు పితుకప్పా."

పితికేవాణ్ణి. పొట్టు ఊడి పప్పు వేళ్ళలోంచి జారుతుంటే, నిజంగానే ఎక్కణ్ణించో ఒక ఆలోచన వచ్చేది. అదీ నా మంట! చేతులు కడుక్కుని రాసుకుందామని లేవబోతే చొక్కా పట్టుకుని కూర్చోబెట్టేది.

"గిన్నె అయినాక రాసుకో. నిలిచేది నిలుస్తాది, పోయేది పోనీ."

ఎన్ని పోయాయో! ఆవిడ సాంబారులో కలిసిపోయిన నా కథలతో ఒక పుస్తకం వేయొచ్చు.

ఒక్కటి మాత్రం గిన్నె ఖాళీ అయ్యేదాకా నిలిచింది. పట్టుబట్టి రాసి, పత్రికకి పంపేముందు గెలిచినవాడిలా ఆవిడకి చదివి వినిపించాను. చివరిదాకా విన్నది. లోపలికెళ్ళి ఇంకో గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

కోపంతో రెండు రోజులు ఆవిడ మొహం చూడలేదు. మూడో రోజు కథ మళ్ళీ చదివాను. మొదటి రెండు పేజీలు తీసేసినా కథకి ఏ లోటూ లేదు.

పళ్ళు నూరుకుంటూ కిందికి దిగి, "గిన్నె ఇవ్వండమ్మా" అన్నాను.

ఆవిడ తలెత్తనైనా లేదు.

"చేతులు కడుక్కోని రాప్పా."